గట్టి ముడి

పున్నమ్మ నోరు మంచిది కాదని బందరు చేపల మార్కెట్లో అందరికీ తెలుసు. బేరమాడి బేరమాడి చివరికి కొనకుండా పోయేవాళ్ళని ఆవిడ ఊరికే పోనివ్వదు, వీధి చివరిదాకా వినబడేలా నాలుగు అంటించి పంపిస్తుంది. అలాంటి పున్నమ్మ ఆ జూన్ నెల పొద్దున కాలేజీ వరండాలో నోరు పెగలక నిలబడింది. పక్కన కూతురు వీరదుర్గ. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఒళ్ళు ఎదిగింది గానీ బుద్ధి ఐదారేళ్ళ దగ్గరే ఆగిపోయిందని డాక్టర్లు ఎప్పుడో కాగితం రాసిచ్చారు.

"ఈ కాలి మీద మచ్చేంటండీ?" అనడిగింది తనూజ మేడం, పేర్లు రాసుకుంటూ.

"చెప్పు కరిచిందమ్మా."

చెప్పూ లేదు, కరవడమూ లేదు. అది తాడు మచ్చ.

పున్నమ్మ మొగుడు రత్తయ్య బోటు మీద వేటకెళ్తే పది పదిహేను రోజుల దాకా రాడు. ఈవిడేమో తెల్లారకముందే హార్బరుకెళ్ళి, వేలంలో సరుకు పాడుకుని, మార్కెట్లో కూర్చుంటే ఇంటికొచ్చేసరికి మూడవుతుంది. ఆ మధ్యలో పిల్లనెవరు చూస్తారు? నాలుగేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం దుర్గ నడుచుకుంటూ పోయి చేపల చెరువులో దిగింది. నీళ్ళు గొంతుదాకా వచ్చాక కాపలా ముసలాయన చూసి జుట్టు పట్టుకుని లాగాడు కాబట్టి బతికింది. ఆ మర్నాటి నుంచి పున్నమ్మ పాత చీరముక్క కూతురి కాలికి చుట్టి, దాని మీద బోటు తాడు కట్టి, రెండో కొస వసారా గుంజకి బిగించి వెళ్ళడం మొదలుపెట్టింది. తాడు పొడుగ్గానే ఉండేది. నీళ్ళబిందె దాకా, దొడ్లోకీ వెళ్ళొచ్చు. చుట్టుపక్కలవాళ్ళు కన్నతల్లివా కసాయిదానివా అని బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకున్నవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు, ఓ గంట మేం చూస్తాంలే అనలేదు.

అలాంటి రోజుల్లో శేషగిరిరావు గారి కాలేజీ కబురు తెలిసింది. ఆయనకి బంటుమిల్లి వైపు చేపల చెరువులున్నాయి, బందర్లో ఈ డిగ్రీ కాలేజీ ఉంది. ఆ ఏడు దుర్గలాంటి పిల్లలకి పని నేర్పే కోర్సొకటి తెరిచారు. ఏడాది చదువు. చివర్లో చిలకలపూడి రోల్డుగోల్డు షాపుల్లో ఉద్యోగం. ఎనిమిదిమంది పిల్లలు చేరారు. నేర్పడానికి గుడివాడ నుంచి రోజూ రైల్లో తనూజ వచ్చేది.

ఆ అమ్మాయి ఓపికకి దణ్ణం పెట్టాలి. దుర్గకి లెక్క రాదు. పన్నెండు అంటే ఏమిటో తెలీదు. అందుకని తనూజ ఓ చెక్కకి పన్నెండు మేకులు కొట్టించింది. మేకుకో గొలుసు తగిలించాలి. అన్ని మేకులూ నిండితే డజను. అప్పుడు గొలుసులన్నీ కలిపి తీసి, బల్ల మీద సాఫుగా పరిచి, దారం రెండు చుట్లు చుట్టి ముడి వెయ్యాలి. వేశాక చెయ్యెత్తి "అయిపోయింది మేడం" అనాలి. తనూజ వచ్చి ముడి పట్టుకుని లాగి చూసి, "గట్టిగా ఉంది, గుడ్" అనేది. ఆ మాట చెవిన పడ్డాకే దుర్గ చెయ్యి దింపి రెండో కట్ట మొదలెట్టేది.

ముడి ఒక్కటే నేర్పడానికి నెలన్నర పట్టింది. పట్టినా, వచ్చాక మాత్రం ఆ ముడి జారడమనేది లేదు. సముద్రంలో పుట్టి పెరిగిన రత్తయ్యే చూసి, "ఏందే ఇది, మా బోటులో ఒక్కడికీ ఇంత సుబ్బరంగా రాదు" అని మురిసిపోయాడు.

తనూజ బస్సెక్కడం కూడా నేర్పింది. పదిహేను రోజులు కాలేజీ అయ్యాక దుర్గతోపాటు వాళ్ళ ఊరిదాకా బస్సులో వచ్చి, మళ్ళీ వెనక్కెళ్ళి తన రైలు పట్టుకునేది. మెళ్ళో పేరూ ఫోన్ నంబరూ ఉన్న కార్డు, చేతిలో ఆధార్. కండక్టరు ఆడవాళ్ళకి డబ్బుల్లేకుండా ఇచ్చే జీరో టికెట్ చింపిస్తే దుర్గ దాన్ని మడిచి జడలో దోపుకునేది. ఆగస్టుకల్లా ఒక్కతే వెళ్ళి ఒక్కతే రాసాగింది. పున్నమ్మ మార్కెట్లో కూర్చుని రోజూ తొమ్మిదిన్నరకి తనూజకి ఫోన్ చేసేది. "వచ్చిందండీ, మేకుల ముందు కూర్చుంది" అని అటునుంచి వినబడితే ఆవిడ ఆ రోజు బేరాల్లో ఎవర్నీ తిట్టేది కాదు. పక్క గంప దగ్గర కూర్చునే సాయిదుర్గ "ఏంటి పున్నమ్మొదినా, జొరమొచ్చిందా?" అని ఆట పట్టించేది.

ఓ ఆదివారం వసారా గుంజకున్న తాడు విప్పి దొడ్లో దండెం కట్టేసింది. దాని మీద దుర్గ యూనిఫాం ఆరేసి, కాసేపు అక్కడే నిలబడి చూసుకుంది. తన జన్మలో అంత సంతోషం ఎప్పుడూ ఎరగదు.

ఒక్క సంగతే ఆవిడకి మింగుడు పడలేదు. "చెయ్యెత్తడం ఎందుకమ్మా? రేపు షాపులో ఎవరొచ్చి లాగుతారు?" అనడిగింది తనూజని.

"అది నెమ్మదిగా మానిపిస్తానండీ. దసరా తర్వాత మూడు కట్టలకోసారి లాగుతాను. ఆ తర్వాత పది కట్టలకోసారి. ఏప్రిల్‌కల్లా సాయంత్రం ఒక్కసారి చూస్తే చాలు. తొందరపడి ఒక్కసారే ఆపేస్తే మొత్తం చెడుతుంది పున్నమ్మగారూ."

సెప్టెంబర్లో కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి పెద్దవాళ్ళ టీం వచ్చింది. గోడలకి సున్నాలు, గేటుకి మావిడాకులు. టీములో ఒకాయన దుర్గ కట్టిన ముడి లాగి "గుడ్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దుర్గ ఫొటో గేటు దగ్గర ఫ్లెక్సీలో నిలువెత్తున వేశారు. గ్రేడు వచ్చింది. దసరా సెలవలిచ్చారు. సెలవలయ్యాక దుర్గ వెళ్తే ఆ గదిలో కంప్యూటర్లు దించుతున్నారు. మేకుల చెక్కలు మెట్ల కింద పడేసి ఉన్నాయి.

సంగతి తెలిసి పున్నమ్మ గంప దించకుండా పరిగెత్తింది.

"కోర్సు అయిపోయిందమ్మా" అన్నారు శేషగిరిరావు గారు, ఫోన్లోంచి తల పూర్తిగా ఎత్తకుండానే. "సర్టిఫికెట్ కూడా ఇస్తున్నాం కదా. మంచి లామినేషన్."

"ఏడాదన్నారు గదండీ! నాలుగు నెలలే అయింది."

"అది కాగితాల మీదమ్మా. టీచరు కాంట్రాక్టు కూడా అయిపోయింది. నేనేం చెయ్యను?"

మార్కెట్లో అయితే ఈ పాటికి పున్నమ్మ ఆయన ఏడు తరాలనీ కడిగి ఆరేసేది. కానీ నోరు పారేసుకోవాల్సిన చోట ఆవిడ ఒంగి కాళ్ళు పట్టుకుంది. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కుని, "అయ్యయ్యో, లే లే" అంటూ బెల్లు కొట్టారు. ఆ తర్వాత చాలా రోజులు ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసేది.

ఇక మిగిలింది శ్యాంబాబు షాపు. చిలకలపూడిలో రోల్డుగోల్డు గొలుసులు చేయించి గుడివాడ, విజయవాడ షాపులకి వేస్తాడు. దుర్గని తీసుకుంటానని ముందే తనూజకి మాటిచ్చాడు. పాపం, మాట తప్పలేదు కూడా. మెట్ల కింద నుంచి తెచ్చుకున్న మేకుల చెక్క చంకలో పెట్టుకుని సోమవారం పొద్దున దుర్గ పనిలో చేరింది. తోడుగా వచ్చిన పున్నమ్మ గడప దగ్గరే వదిలి, హడావిడిగా మార్కెట్‌కి పోయింది.

రెండు దాటాక వచ్చి చూసింది. దుర్గ ముందు ఒక్కటంటే ఒక్క కట్ట ఉంది. దుర్గ చెయ్యి పైకెత్తి ఉంది. నొప్పెట్టిందేమో, ఎత్తిన చేతిని రెండో చేత్తో ఆనించి పట్టుకుంది. అన్నం క్యారేజీ మూత తియ్యలేదు.

"పొద్దున తొమ్మిదిన్నర నుంచీ అంతేనమ్మా" అంది పక్కన కూర్చున్న ఉమాదేవి. "దింపవే అంటే దింపదు. బడనుకుంటందేమో అని మొదట నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు."

పున్నమ్మ కూలబడి ముడి పట్టుకుని లాగింది. "గట్టిగా ఉందమ్మా, గుడ్."

చెయ్యి కిందికి దిగింది. దిగీ దిగగానే మేకులకి గొలుసులు ఎక్కడం మొదలైంది. తల్లి పక్కనుండి లాగుతుంటే మూడింటికల్లా ఆరు కట్టలు కట్టింది. శ్యాంబాబు వచ్చి చూసి నిట్టూర్చాడు. "ముడి మావాళ్ళకన్నా బాగుంది పున్నమ్మా, కాదన్ను. కానీ ముడి లాగడానికి ఇంకో మనిషిని పెట్టలేను కదా."

ఉమాదేవిని బతిమాలింది. ఆవిడ తల దించుకుంది. "కట్టకింత అని మా కూలి వదినా. నీ పిల్ల ముడి లాగుతా కూచుంటే నా కట్టలు తగ్గుతాయి. మాకూ పిల్లలున్నారు." అందులో తప్పు పట్టడానికేం లేదు. తప్పు పట్టడానికేం లేకపోవడమే పున్నమ్మకి మరీ కడుపుమంటగా ఉంది.

"అయితే నేనే లాగుతాను బాబుగారూ" అంది. మూడు రోజులు మార్కెట్ మానుకుని, ఒంటికి రెండుసార్లు సబ్బు రుద్దుకుని, ఉతికిన చీర కట్టుకుని కూతురి పక్కన కూర్చుంది. మూడోరోజు గుడివాడ నుంచి సరుకు కొనే భానుమతి గారు వచ్చి, గుమ్మంలోనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆవిడ వెళ్ళాక శ్యాంబాబు పున్నమ్మ మొహం వైపు చూడలేక, గొలుసుల వైపు చూస్తూ చెప్పాడు. "సరుక్కి నీచు వాసన పడుతోందంటున్నారమ్మా. ఏమీ అనుకోకు."

పున్నమ్మకి తలకాయ కొట్టేసినట్టయింది. చెక్క తీసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది.

ఆ సాయంత్రం తనూజకి ఫోన్ చేసింది. తనూజ గుడివాడలో ఏదో స్కూల్లో చేరిందట, ఒకటో క్లాసుకి. వింటూ వింటూ ఏడ్చేసింది. "ఇంకో ఆరు నెలలుంటే ఆ చెయ్యి దింపేదాన్నండీ. దానికి పని రాక కాదు. నేర్పడం సగంలో ఆపేశారు."

"పోనీ నువ్వు రోజూ ఒక్క గంట..."

"స్కూలయ్యాక బయల్దేరి బందర్లో రైలు దిగేసరికి ఏడవుతుందండీ. ఆదివారాలు వస్తాను, తప్పకుండా వస్తాను." ఒక్క ఆదివారం వచ్చింది. ఆదివారం నేర్చుకున్నది మర్నాటికి దుర్గ దగ్గర ఉండేది కాదు. రెండో ఆదివారం తనూజ రాలేదు, పున్నమ్మ అడగలేదు.

దుర్గని మార్కెట్లో పక్కన కూర్చోబెట్టుకుంది. నాలుగు రోజులు బాగానే గడిచింది. ఐదోరోజు చేప కోసిచ్చి తలెత్తేసరికి పిల్ల లేదు. పున్నమ్మ గంప గాలికొదిలేసి కాలేజీకి పరిగెత్తింది. "వచ్చింది, లోపలికి రానివ్వద్దన్నారు, పంపేశాను" అన్నాడు వాచ్‌మన్. వాడి వెనకాల ఫ్లెక్సీలో దుర్గ నవ్వుతూ ఉంది. బస్టాండంతా వెతికింది. కనబడినవాళ్ళందర్నీ అడిగింది. వెనకటికైతే కాళ్ళు పోయినంత దూరమే పిల్ల పోయేది. ఇప్పుడు బస్సెక్కడం వచ్చు.

ఏడింటికి దివిసీమ నుంచి ఫోనొచ్చింది. అవనిగడ్డ బస్టాండులో కండక్టరెవరో మెళ్ళో కార్డు చూసి చేశాడు. పున్నమ్మ వెళ్ళేసరికి దుర్గ బల్ల మీద ముడుచుకుని కూర్చుని ఉంది. చున్నీ లేదు. డ్రెస్సు భుజం దగ్గర చిరిగి ఉంది. ఎలా చిరిగిందే, ఎవరు చింపారే అని తల్లి ఎన్నిసార్లు అడిగినా ఆ పిల్ల జడలోంచి జీరో టికెట్ తీసి చూపించింది. ఇంకేమీ చెప్పలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ చూసి, పెద్ద భయమేం లేదు, సమయానికి దొరికింది అంది. ఆ సమయం ఇంకాస్త దాటి ఉంటేనో అనుకుంటూ పున్నమ్మ తిరిగొచ్చే బస్సులో దారి పొడుగునా కూతురి చెయ్యి వదల్లేదు.

వారం రోజులు ఇల్లు కదల్లేదు. ఎనిమిదో రోజు బియ్యం డబ్బా అడుగు కనబడింది. రత్తయ్య వేట నుంచి రావడానికి ఇంకా మూడు రోజులుంది.

తెల్లవారుతుండగా పున్నమ్మ దొడ్లోకెళ్ళి దండెం మీది బట్టలు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుంది. చివర్న యూనిఫాం. తాడు విప్పి తెచ్చి, ఒక కొస వసారా గుంజకి బిగించింది. రెండో కొస చేతిలో పట్టుకుని, పాత చీరముక్క కూతురి కాలికి చుట్టింది. అంతవరకే చేతనైంది. తాడు నేల మీద వదిలేసి, మోకాళ్ళలో మొహం పెట్టుకుని, "నావల్ల గాదు తల్లో, నావల్ల గాదు" అంటూ ఏడ్చింది.

దుర్గ తాడు వైపు చూసింది. ఎన్నాళ్ళకో చేతికి పని దొరికింది. తాడు తీసి నేల మీద సాఫుగా పరిచింది. చీరముక్క మీదుగా రెండు చుట్లు చుట్టింది. నాలుక పెదవుల మధ్య బిగబట్టి, తనూజ నేర్పిన ముడి, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా, వేసుకుంది. చెయ్యెత్తింది.

"అయిపోయింది మేడం."

రోడ్డు మీద చేపల ఆటో వాడు హారన్ కొట్టాడు. పున్నమ్మ కదల్లేదు. వాడు మళ్ళీ కొట్టాడు. దుర్గ చెయ్యి పైనే ఉంది. తను లాగకుండా వెళ్ళిపోతే, మూడింటికి తిరిగొచ్చేదాకా ఆ చెయ్యి పైనే ఉంటుంది. తిండి తినదు, నీళ్ళు తాగదు. ఆ సంగతి పున్నమ్మకి తెలుసు.

వంగి, ముడి పట్టుకుని లాగింది. అది ఇసుమంతైనా కదల్లేదు.

"గట్టిగా ఉందమ్మా" అంది. "గుడ్."

దుర్గ మొహం విప్పారింది. చెయ్యి దింపి, రెండో కాలు తల్లి ముందుకు చాపింది.