ఖాళీగా ఉండాల్సిన చెయ్యి

"ఒకవేళ అది నోరు తెరిచాక మళ్ళీ మూసుకోకపోతే?"

ఇంట్లోకి ఇంకా ఏ కెమెరా రాలేదు. పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి ఆవిడ ఆ మాట అడిగింది. కూతురు ఫోన్‌లో చూపించిన చిన్న డిజిటల్ కెమెరా సబ్బుబిళ్ళంత ఉంది. మీట నొక్కగానే దాని ముక్కు బయటికి పొడుచుకొచ్చింది. అంత ఒంటికి అంత ముక్కేమిటో ఆవిడకు అంతుపట్టలేదు.

"మూసుకోకపోతే ఏమవుతుందమ్మా?" అంది కూతురు.

"అది నాకు తెలిస్తే నిన్నెందుకు అడుగుతానే?"

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడెంచడం వరకూ శ్రద్ధగా చేసేది. మేలెంచుదామనుకునేసరికి పొద్దుపోయేది. ప్రతి మాటా "ఒకవేళ" అని మొదలుపెడుతుందని ఆ మేడలో వాటాలవాళ్ళంతా ఆవిడకు ఒకవేళమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగానే అలా పిలిచేవారు. ఆవిడా పలికేది. ఒకవేళ పలక్కపోతే ఏ అత్యవసరమో ఏమో అని.

ఈసారి మాత్రం ఆవిడ భయానికి ఆధారం ఉంది. కూతురికి వంతెనల ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. వంతెనలకు పడిన పగుళ్ళను ఫోటోలు తీయాలి. పగుళ్ళు మనుషులు నడిచే చోట బుద్ధిగా పడవు, పక్కనా కిందా పడతాయి. కాబట్టి కమ్మీ మీంచి వంగి తీయాలి. కెమెరా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. మర్నాడు పొద్దున ఆఫీసు వ్యాను ఇంటి ముందుకొస్తుంది. ఇదంతా పిల్ల అన్నం తింటూ చెప్పింది. మిగతావన్నీ తల్లి చెవిలోంచి జారిపోయాయి గానీ, "వంగి" అన్న మాట పల్లేరుకాయలా గుచ్చుకుని ఉండిపోయింది.

"ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి," అని తీర్మానించింది ఆవిడ. "కమ్మీ పట్టుకోవడానికి. అంచేత చిన్నదే కొనుక్కో."

"చిన్నదానికి కన్నుపెట్టి చూసే కంత లేదమ్మా. వెనకాల తెరే. ఎండలో అది కనపడి చావదు. కనపడాలంటే చెయ్యి బాగా చాచి ఇంకా ముందుకి వంగాలి."

"అయితే పెద్దదే కొనుక్కో."

"పెద్దది డీఎస్సెల్లారు. బరువు. రెండు చేతులూ కావాలి."

"మూడు చేతుల పిల్లని కనాల్సింది నువ్వు," అన్నాడు పేపరు వెనకనుంచి భర్త. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. జీవితమంతా గోతుల మీద వేలాడి వచ్చినవాడు కావడంతో, ఇంట్లో ఏ భయానికీ పేపరు దించేవాడు కాదు.

చివరికి కూతురు కెమెరాలు బాగుచేసే కొట్టాయనకు ఫోన్ చేసింది. రెండూ ఇంటికి తెచ్చి చూపిస్తే ఒకటి ఉంచుకుంటానంది. వంటింట్లో ఆవిడ కుళాయి కింద గిన్నెలు తోముతోంది. నీళ్ళ చప్పుడులో ముక్కలు ముక్కలుగా వినపడింది.

"బాడీ పాతదైనా పర్వాలేదండీ... సాయంత్రం బాడీని ఇంటికే తెచ్చేయండి... అందరం ఇక్కడే ఉంటాం."

ఆవిడ చేతిలోని గిన్నె జారింది. కుళాయి కట్టేసి ఇవతలికి వచ్చేసరికి, ఉద్యోగానికి బూట్లు కొనుక్కోవాలని పిల్ల బయటికి వెళ్ళిపోయింది.

"ఏవండీ. ఎవరిదో బాడీ ఇంటికొస్తోందట."

"ఊఁ," అన్నాడు భర్త, పేపరు తిప్పుతూ.

ఇంటాయనే ఊఁ అన్నాక ఇంకేముంది? ఆవిడ కుర్చీలో కూలబడి, ఎవరై ఉంటారా అని ఆలోచించింది. పిల్ల తన కాళ్ళతో తాను మెట్లు దిగి వెళ్ళింది కాబట్టి పిల్లది కాదు. ఈయన ఊఁ అన్నాడు కాబట్టి ఈయనది కాదు. తనది కాదని కూడా ఒకసారి మెడ దగ్గర నాడి పట్టుకుని చూసుకుంది. అప్పుడు తట్టింది. ఈ ఉద్యోగంలో పిల్లకంటే ముందు ఎవరో ఉండే ఉంటారు. వాళ్ళూ వంగే ఉంటారు. రెండు చేతులూ కెమెరాకే ఇచ్చి ఉంటారు. మరి ఆ బాడీ ఇక్కడికెందుకు? ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళకు పాతవాళ్ళు ఛార్జి అప్పగిస్తారంటారే, అదే కాబోలు.

ఆవిడ చేతులు పనిలో పడ్డాయి. ముందుగదిలో బల్ల గోడకు జరిపింది. దుప్పటి పరిచింది. మనుషులొస్తారు కదా అని, కింది వాటాలో బట్టలు కుట్టే టైలరు దగ్గరికి కుర్చీల కోసం వెళ్ళింది.

"ఎవరు పోయారు వదినా?" అన్నాడు టైలరు, మిషను ఆపి.

"పేరు తెలీదు. వంతెన మీంచి."

"ఎప్పుడట?"

"పాతదే అంటున్నారు."

టైలరుకు ఆ మాత్రం చాలు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి ముందుగది నిండిపోయింది. పై వాటా పెద్దావిడ అందరికంటే ముందే వచ్చి, కిటికీ పక్క కుర్చీలో సర్దుకుని, పోయినవాడు మంచివాడని అప్పుడే చెప్పడం మొదలుపెట్టింది. ఇంతమంది ఎందుకొచ్చారో తెలియక భర్త పేపరు తీసుకుని పడగ్గదిలోకి వెళ్ళిపోయాడు.

తలుపు చప్పుడైంది. భుజాన నల్లసంచి తగిలించుకుని కెమెరాల కొట్టాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"బాడీ తెచ్చానమ్మా. ఎక్కడ పెట్టమంటారు?"

కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. కొట్టాయన కంగారుపడ్డాడు. ఇన్నేళ్ళుగా ఎన్నో ఇళ్ళకు కెమెరాలు తీసుకెళ్ళాడు గానీ, ఎవరూ లేచి నిలబడలేదు.

"సంచిలోనా నాయనా?" అంది పెద్దావిడ.

"సంచిలోనే అండీ. విడిగా తెస్తే దుమ్ము పడుతుంది."

"వయసెంతుంటుంది?" అన్నాడు టైలరు, గొంతు తగ్గించి.

"పదిహేనేళ్ళు ఉంటుందండీ."

"అదేం వయసని," అంది ఎవరో.

"ఈ జాతికి అది ఎక్కువేనండీ," అన్నాడు కొట్టాయన. అందరూ శ్రద్ధగా వింటుంటే ఆయనకు ఉత్సాహం వచ్చింది. "బాగా కష్టపడింది. పెళ్ళిళ్ళని, ఆటలని, ఎక్కడెక్కడో తిప్పారు. పైన కాస్త గీరుకుపోయింది గానీ లోపల శుభ్రంగా ఉంది. నేనే విప్పి చూశాను."

టైలరు కుర్చీలో కూర్చుండిపోయాడు. "విప్పారా?"

"విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాను. కన్ను మాత్రం విడిగా పెట్టుకోవాలి."

"కన్ను కూడా పోయిందా పాపం," అంది పెద్దావిడ.

ఒకవేళమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుని, ఏ తల్లి కన్న బిడ్డో అనుకుంటోంది. కొట్టాయన సంచి జిప్పు లాగి, దుప్పటి మీద నల్లటి కెమెరాను పడుకోబెట్టాడు. ముందువైపు, లెన్సు ఉండాల్సిన చోట, గుండ్రటి ఖాళీ. దాని పక్కనే సబ్బుబిళ్ళంత చిన్నదాన్నీ పెట్టాడు.

అప్పుడే బూట్ల పెట్టెతో కూతురు లోపలికొచ్చింది. కుర్చీలను, మనుషులను, దుప్పటిని చూసింది.

"ఎవరు పోయారు?"

"పెద్దదాన్ని బాడీ అంటారా అన్నయ్యగారూ?" అని ఒకవేళమ్మ కొట్టాయనను మెల్లగా అడిగింది. లెన్సు తీసేస్తే మిగిలేదాన్ని అలాగే అంటారని ఆయన చెప్పాడు. ఆవిడ సిగ్గుపడలేదు. గండం గడిచిందనుకునే మనిషి కాదావిడ. వాయిదా పడిందనుకుంటుంది, అంతే.

విచిత్రమేమిటంటే, సంగతి తెలిశాక కూడా ఎవరూ వెళ్ళిపోలేదు. కుర్చీలు వేశాక ఊరికే లేచిపోతే ఇంటివాళ్ళను అవమానించినట్టుంటుంది. వచ్చినందుకు ఏదో ఒకటి తేల్చి పోదామన్నాడు టైలరు. ఏ కెమెరా మంచిదో తేల్చడానికి అందరూ మెట్ల దగ్గరికి నడిచారు. మెట్ల కింద, నేల మీద పగులొకటి ఉంది. పై మలుపులో కమ్మీ మీంచి పిల్ల వంగి దాన్ని ఫోటో తీయాలి.

ముందు చిన్నది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి చాచి, పిల్ల వంగింది. నోరు తెరిచిన కెమెరా మళ్ళీ మూసుకుంది కూడా. ఫోటోలో పగులు మాత్రం కవల పగులైంది.

"చూశారా, ఒక చెయ్యి ఖాళీ," అన్నాడు టైలరు. అక్కడికక్కడే ఆయన చిన్న కెమెరా పక్షానికి నాయకుడైపోయాడు. "ఫోటోదేముంది, పిల్ల ముఖ్యం."

"చిన్నది చేతిలోంచి జారుతుంది. జారినదాన్ని పట్టుకోబోయి పిల్ల జారుతుంది," అంది పెద్దావిడ. "పెద్దదైతే మెడలో పట్టీ ఉంటుంది. ఎక్కడికీ పోదు."

"పట్టీతో పాటు మెడ పోతుంది పెద్దమ్మా."

"నీ మిషను సూది పోతుంది. నోరు ముయ్యి."

ఒకవేళమ్మ ఎవరు మాట్లాడితే వాళ్ళ పక్షం. రెండు పక్షాలవాళ్ళూ చెప్పే ప్రమాదాలు నిజమే అనిపించాయి. ఇన్నాళ్ళూ తనొక్కతే మోస్తున్న పనిని మేడంతా పంచుకుంటుంటే కాస్త హాయిగా కూడా ఉంది.

తర్వాత పెద్దది. కొట్టాయన లెన్సు బిగించి ఇచ్చాడు. పిల్ల రెండు చేతులతో పట్టుకుని, ఒక కన్ను మూసి వంగింది. ఆ ఫోటోలో పగులు పగులులా లేదు, పొగలా ఉంది.

"పాతదానికి ఆ లోపం ఉందమ్మా," అన్నాడు కొట్టాయన. "చిన్నదానికున్నట్టు వణుకు సర్దుకునే గుణం దీనికి లేదు. ఇలాంటి పనికి స్టాండు ఉండాల్సిందే. స్టాండు మీద నిలబెట్టారా, ఇక దీన్ని కొట్టేది లేదు."

"చిన్నదానికి ఆ గుణం ఉందన్నారుగా అన్నయ్యగారూ? మరి అందులో ఎందుకు అలుక్కుపోయింది?" అంది ఒకవేళమ్మ.

కొట్టాయన రెండు ఫోటోలనూ మార్చి మార్చి చూశాడు. "చెయ్యి వణికితే సర్దుకుంటుందమ్మా. ఇక్కడ వణికింది చెయ్యి కాదు. అమ్మాయి."

తల్లి కూతురి వైపు చూసింది. కూతురు మెట్ల బల్బు వైపు చూసింది. ఉద్యోగం వచ్చిన రోజు నుంచీ ఈ పిల్ల "ఏం కాదులేమ్మా" తప్ప ఇంకో మాట అనలేదు. ఎత్తంటే తనకూ భయమేనని ఒక్కసారైనా చెప్పలేదు. ఇంటికి ఒక ఒకవేళమ్మ చాలనుకుంది కాబోలు.

తల్లి చెంగు బిగించుకుని, మెట్లెక్కి, కూతురి వెనక నిలబడింది. రెండు చేతులతో నడుం పట్టుకుంది.

"ఇప్పుడు తియ్యి."

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. తియ్యి."

పిల్ల వంగింది. పెద్దదాని మీట నొక్కింది. కొట్టాయన ఆ ఫోటోను తెర మీద పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, టైలరు ముక్కు ముందు పెట్టాడు. పగులు అంచు గీత గీసినట్టుంది. అందులోంచి నడిచిపోతున్న చీమ మీసాలతో సహా కనపడింది.

"నా కొట్లో మూడు కాళ్ళ స్టాండ్లున్నాయి గానీ," అన్నాడు ఆయన, "ఇంత గట్టివి లేవు."

పాత బాడీ ఇంట్లో ఉండిపోయింది. చిన్నది సంచిలోకి వెళ్ళింది. కుర్చీలు కిందికి దిగుతుండగా భర్త పడగ్గదిలోంచి బయటికొచ్చి, "ఇంతకీ ఎవరు పోయారే?" అని అడిగాడు.

మర్నాడు వ్యాను వచ్చింది. ముందు సీట్లోంచి ఆఫీసు సూపర్‌వైజరు దిగాడు. మనిషి ఇస్త్రీ మడతలా ఉన్నాడు. పిల్ల మెడలో ఉన్న పాత కెమెరాను చూసి పెదవి విరిచాడు.

"ఇంత పాతదా? దీనికి స్టాండు లేకపోతే అన్నీ అలుక్కుపోతాయి. స్టాండు తెచ్చుకున్నావా?"

ఆయన వ్యాను లోపలికి తొంగిచూశాడు. వెనక సీట్లో, కిటికీ పక్కన, చీర మీద మెరిసే పసుప్పచ్చ కోటు వేసుకుని ఒకావిడ కూర్చుని ఉంది. అది కూతురికి ఆఫీసువాళ్ళిచ్చిన కోటు. అందరికంటే ముందే ఆవిడ ఎక్కేసింది.

"ఈవిడెవరు?"

ఒకవేళమ్మ మోకాళ్ళు దగ్గరికి చేర్చుకుని, తిన్నగా ముందుకి చూస్తూ, సామానులా కూర్చుంది.

"నిన్నే అమ్మాయ్ అడిగేది. వ్యాన్లో ఉద్యోగస్తులు, కెమెరా, కెమెరా సామాను తప్ప ఇంకేదీ ఎక్కించకూడదు. చుట్టాలకి చోటు లేదు. ఎవరీవిడ?"

డ్రైవరు ఇంజను ఆపేశాడు. మెట్ల మీద నిలబడ్డ భర్త మొట్టమొదటిసారి పేపరు దించాడు. టైలరు మిషను ఆగింది. పై వాటా కిటికీ తెరుచుకుంది. పిల్ల తన బూట్లు చూసుకుంది, మెడలోని బరువును చూసుకుంది. వేళ్ళు పట్టీ కింద దాచుకుంది. అమ్మ అని చెబితే అమ్మ దిగిపోవాలి. కిటికీలోంచి రెండు చేతులు కనపడుతున్నాయి. ఒళ్ళో బోర్లా పెట్టుకున్న చేతులు, రెండూ ఖాళీగా.

సూపర్‌వైజరు గడియారం చూసుకుని, గొంతు సవరించుకుని, మళ్ళీ అడగబోయాడు.

"స్టాండండీ," అంది పిల్ల.