కొండకు పడమటి అలలు

1984 మే నెలలో ఒక మధ్యాహ్నం, మాచర్ల నుంచి విహారానికి వచ్చిన ముప్పై ఇద్దరు ఆడపిల్లలు నాగార్జునకొండ రేవులో లాంచీ కోసం నిలబడి ఉన్నారు. సాగర్ జలాశయం మధ్య దీవిలా మిగిలిన కొండ అది. అవతలి ఒడ్డుకు గంట ప్రయాణం.

లాంచీ డ్రైవరు శౌరి రేవులో లేడు. కొండకు పడమటి వైపు రాళ్ల మీద కూర్చుని, చేతి గడియారం చూసుకుంటూ అలలు లెక్కపెడుతున్నాడు. ఆకు కదలడం లేదు. అయినా నున్నటి అలలు బారుగా వచ్చి రాళ్లకు తగులుతున్నాయి. పొద్దున రెండు సెకన్లకొకటి వచ్చేది. ఇప్పుడు నాలుగు సెకన్లు పడుతోంది. అలకూ అలకూ ఎడం పెరిగిందంటే వాటిని తోసే గాలి పెద్దదని లెక్క. ఇక్కడ గాలి లేకుండా ఇంత అల లేచిందంటే ఎగువన కొండల సందులో గాలి రేగిందన్నమాట. ముందు అల వస్తుంది, వెనక గాలి వస్తుంది. పన్నెండేళ్లుగా ఈ నీళ్ల మీద ఉన్నవాడికి అది తెలుసు. ఎంత వెనక అనేది మాత్రం ఏ రోజూ ఖాయంగా చెప్పలేడు.

తిరిగొచ్చి, "ఇప్పుడు కదలకూడదు టీచరమ్మా" అన్నాడు.

మహమూదా టీచరు ఒడిలో సయీదా అనే పిల్ల సోలిపోయి ఉంది. వడదెబ్బ. రెండుసార్లు వాంతి చేసుకుంది. ఒళ్లు కాలిపోతోంది.

"పిల్లను ఆస్పత్రికి చేర్చాలన్నా. గాలే లేదు, ఏంది నీ భయం?"

"అల బారుగా వస్తంది. గాలి దాని వెనకే ఉంది. గంటలోపు వస్తది. నడిమధ్యలో పట్టుకుంటే ఇంతమందిని నేను ఒడ్డుకు తేలేను."

లాంచీ మెకానిక్కు ఖాదర్ వలి అతన్ని పక్కకు పిలిచాడు. "పోయిన నెలా ఇట్టాగే ఆపావన్నా. ఏమీ రాలా. ఇయ్యాల కూడా రాకపోయి, ఆ పిల్లకేమన్నా అయితే?"

శౌరి లాంచీ తాళం జేబులో వేసుకున్నాడు.

పిల్లను కొండ మీది మ్యూజియం వరండాలో పడుకోబెట్టి తడిగుడ్డలు కప్పారు. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు కొంచెం కొంచెంగా తాగించారు. అరగంట గడిచింది. ముప్పావు గంటయింది. ఎండ అట్లాగే కాస్తోంది.

మహమూదా లేచి అతని ముందుకొచ్చింది. "ఈపాటికి అవతలి ఒడ్డు దగ్గరపడేది" అంది. గొంతు పెంచలేదు. "తాళం ఇవ్వు. ఖాదర్ వలి నడుపుతాడు."

శౌరి చెయ్యి జేబులోకి వెళ్లింది. తను పొరబడ్డాడేమోనని అప్పుడు నిజంగానే అనిపించింది అతనికి.

"ఇంకో పది నిమిషాలమ్మా. చానా ఓర్చుకున్నారు."

ఆరు నిమిషాలకు పడమటి నీళ్లు నల్లబడ్డాయి. ఒక్క ఊపున గాలి వచ్చిపడింది. రేవులో లాంచీ మెట్లకేసి కొట్టుకుంది. లాంచీ ముక్కుకు కట్టిన తాడు తెగింది. శౌరి, ఖాదర్ వలి పరుగెత్తి అందులోకి దూకి, ఇంజను వేసి, తూర్పున కొండచాటుకు తిప్పారు. ఆ కాస్త దూరానికే రెండుసార్లు అల లోపలికి పడి మోకాళ్ల దాకా నీళ్లు నిండాయి. పిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఒడ్డు నుంచి చూస్తున్నారు.

గంటసేపు కొట్టి గాలి తగ్గింది. గాలి పోగానే అల పోదని శౌరి ఇంకో అరగంట ఆపాడు. ఈసారి ఎవరూ అడగలేదు.

పొద్దు గుంకకముందే అవతలి రేవు చేరారు. ఆస్పత్రిలో సయీదాకు సెలైను ఎక్కించారు. రెండో సీసా సగమయ్యాక కళ్లు తెరిచి, అమ్మ ఏదని అడిగింది.

బయట శౌరి తడిబట్టలతోనే గోడకానుకుని కూర్చున్నాడు. మహమూదా బయటికి రాగానే తలెత్తాడు.

"గాలి రాకపోయుంటే మీకేం చెప్పేవాణ్ణి టీచరమ్మా?"

మహమూదా టీ దొరుకుతుందేమో చూడమని ఖాదర్ వలిని పంపి, శౌరి పక్కనే నేల మీద కూర్చుంది.