కుంకుమ స్టాపు

నేను ఒక రబ్బరు బొమ్మను. మూరెడు ఎత్తు, బట్టతల. బట్టల సంగతి అడక్కండి. ఒంటినిండా గీతలు, చుక్కలు. వాటిని గీసిన ఫ్యాక్టరీవాడికి అర్థం తెలియదు గానీ, తెనాలిలో నన్ను కొన్న కోటిలింగంగారికి ఇట్టే తెలిసిపోయింది. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి, రిటైరయ్యాక ఆక్యుప్రెషర్ నేర్చిన మనిషాయన.

"గీతలు రూట్లండీ, చుక్కలు స్టాపులు. 'చీ' అనే ప్రాణశక్తి బస్సు. అది ఆగిపోయిన చోట నొప్పి. స్టాపులో నొక్కామా, రైట్ రైట్!" అని వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించేవారు.

చైనావాళ్ల 'చీ' ప్రాణం నిలుపుతుందట. మా ఇంట్లో రత్తమ్మగారి 'ఛీ'కి మొగుడిగారి ప్రాణం పోయేది. ఆవిడకు రోజూ తలనొప్పే.

"ఒక్కసారి చెయ్యివ్వవే."

"టిక్కెట్లు చింపిన చేతులకా? ఛీ!"

ఊరందరి చేతులూ పట్టిన మనిషికి ఇంట్లో చెయ్యి దొరకలేదు. ఆయనకున్న దిగులల్లా అదే.

దసరా వచ్చింది. ఆయుధపూజనాడు రత్తమ్మగారు కత్తిపీటకూ కుట్టుమిషనుకూ పెట్టిన చేత్తోనే నాకూ కుంకుమబొట్లు పెట్టారు. నుదుట ఒకటి, పిక్క మీద ఒకటి.

మర్నాడు మెడ పట్టేసిందని పోస్టుమాస్టరు వీరరాఘవయ్యగారు వచ్చారు. మెడ రూటు వీపు మీదుగా కాలి చిటికెనవేలి దాకా పోతుంది. కళ్లజోడు పెట్టుకోని కోటిలింగంగారికి దారిలో నా పిక్క మీది ఎర్రచుక్క కనిపించింది. "ఇంత పెద్ద స్టాపు ఇన్నాళ్లూ ఎలా దాటేశాను!" అని వచ్చినాయన పిక్క మీద అదే చోట పావుగంట నొక్కారు.

పోస్టుమాస్టరు మెడ తిప్పి చూసుకున్నారు. "తగ్గిందండోయ్! ఇదీ హస్తవాసంటే!"

గుమ్మంలో రత్తమ్మగారు పగలబడి నవ్వారు. "అది స్టాపు కాదయ్యా, నేను పెట్టిన బొట్టు!"

పోస్టుమాస్టరు మెడ అక్కడికక్కడే మళ్లీ పట్టేసింది.

ఆయన వెళ్లాక కోటిలింగంగారు నన్ను ట్రంకుపెట్టెలో పడేశారు. "సర్వీసు రద్దు" అన్నారు. కాఫీ ముట్టలేదు. అన్నానికీ లేవలేదు.

సాయంత్రం పెట్టె మూత తెరుచుకుంది. రత్తమ్మగారు నన్ను తీసి మొగుడి ముందు నిలబెట్టి, తన చెయ్యి చాపారు. "సరైన స్టాపు చూసి నొక్కు. కళ్లజోడు పెట్టుకో."

ఆయన ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నారు. "పెద్దపేగు రూటిది. చేతిలో ఎక్కితే మొహం దాకా పోతుంది." మెల్లిగా నొక్కారు. "తగ్గిందా?" అన్నారు.

"తల సంగతి తెలీదు. అప్పుడే దించెయ్యకు."

ఇప్పుడు నేను అల్మారాలో ఉంటున్నాను. మర్నాడు నన్ను శుభ్రంగా తుడిచారు గానీ, పిక్క మీది బొట్టు మాత్రం వదిలేశారు. ఏ పుస్తకంలోనూ లేని స్టాపది. వాళ్లిద్దరి బస్సు కదిలింది మాత్రం అక్కణ్ణుంచే.