మామగారి పటాలం

మామగారి ముందు గదిలో ఓ అద్దాల బీరువా ఉంది. అందులో గిన్నెలు లేవు, పుస్తకాలు లేవు. సిపాయి బొమ్మలున్నాయి. జానెడు పొడవు, మోకాళ్ళూ మోచేతులూ మడతపడే రకం. తుపాకీ పట్టినవాడు, పార పట్టినవాడు, వీపున మూట మోసేవాడు, విరిగిన చేతిని జిగురుతో అతికించుకున్నవాడు. పై అరలో కొందరు, నడిమి అరలో కొందరు, కింద అరలో ఇంకొందరు.

మామగారు సైన్యంలో స్టోర్సు చూశారు. బూట్లు, దుప్పట్లు, లాంతర్లు ఇచ్చే పని. తుపాకీ పేల్చింది శిక్షణలో మాత్రమే. ఆ మాట చెప్పడానికి ఆయనెప్పుడూ సిగ్గుపడలేదు. "ఒక్కడు తుపాకీ పేల్చాలంటే వెనకాల ఎంతమంది బరువులు మొయ్యాలో మీకేం తెలుసయ్యా" అనేవారు.

ఆ బీరువాలోకి బొమ్మ ఊరికే రాదు. దానికో పద్ధతుంది. తెచ్చినవాడు బొమ్మను బల్ల మీద నిలబెట్టి దాని సంగతి కల్పించి చెప్పాలి. చెప్పాక మామగారు మూడు ప్రశ్నలు వేస్తారు. వీడి డ్యూటీ ఏంటి? వీడు లేకపోతే ఎవడి పని ఆగుతుంది? వీడికి ఏది చేతకాదు? మూడింటికీ నమ్మేలా జవాబొస్తే బొమ్మ బీరువాలోకి పోతుంది. లేదంటే బీరువా కింద ఉన్న బూట్ల డబ్బాలోకి. ఆ డబ్బాకి సిక్ లైను, అంటే జబ్బుపడ్డ సిపాయిల వరస, అని పేరు. అందులో పడుకున్నవాడు మళ్ళీ లేచింది లేదు.

పెద్దల్లుడికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం అతని పని. మాట తక్కువ, చూపు ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో అత్తారింట్లో ఏం మాట్లాడాలో తోచక బీరువా ముందు నిలబడేవాడు. మామగారే పిలిచి కూర్చోబెట్టుకున్నారు. అప్పట్నుంచీ ఆదివారం ఆ బల్ల దగ్గర రెండు కుర్చీలే ఉండేవి. పై అరలో సగం మంది పెద్దల్లుడు పుట్టించినవాళ్ళే. లోకంలో తనకంటూ ఓ చోటుందంటే అది ఆ రెండో కుర్చీయేనని అతననుకునేవాడు. పైకి అనలేదు. అనే అలవాటు లేదు.

తర్వాత మరదలి పెళ్ళయింది. మూడో కుర్చీ వచ్చింది.

చిన్నల్లుడు లారీ తోలతాడు. ఫ్రిజ్జులు, మంచాలు, బీరువాలు షాపుల నుంచి ఇళ్ళకి చేరవేస్తాడు. మనిషి గడపలో ఉండగానే నవ్వు లోపలికొస్తుంది. వచ్చిన మొదటి నెలలోనే వీపున రేడియో పెట్టె ఉన్న బొమ్మొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"గూఢచారి అయ్యుంటాడు" అన్నాడు పెద్దల్లుడు, తన ఇంట్లో తను మాట్లాడినట్టుగా.

"అంత సీనేం లేదన్నయ్యా. వీడు ఫోను తీగలు పరుస్తాడు. ఆఫీసర్లకి మాట అందాలంటే వీడు నేల మీద పాకాలి. చూడండి మామయ్యా, వీడి ప్యాంటు ఎప్పుడూ ఎడం మోకాలి దగ్గరే చిరుగుతుంది."

"ఎందుకని?" మామగారు ముందుకు వంగారు.

"తీగ చుట్టేటప్పుడు ఆ మోకాలి మీదే కూర్చుంటాడు కదా! కుడి మోకాలు కొత్త పెళ్ళికొడుకులా ఉంటుంది."

మామగారు బల్ల మీద చెయ్యేసి కొట్టి నవ్వారు. "ఇలాంటివాడికి నేను ప్యాంట్లిచ్చానయ్యా! ఎడం మోకాలే! ఎప్పుడూ ఎడం మోకాలే!" అంటూ మిగతా రెండు ప్రశ్నలు మర్చిపోయి బొమ్మను తనే తీసుకెళ్ళి నడిమి అరలో పెట్టారు.

పెద్దల్లుడూ నవ్వాడు. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ రోజు నుంచి అతని కడుపులో ఓ నిప్పుకణిక చేరింది. ఆరేది కాదు, మండేది కాదు, ఊరికే కాలుతూ ఉండేది. చిన్నల్లుణ్ణి మించాలని పెద్ద పెద్దవాళ్ళని తయారుచేశాడు. మంచుకొండ మీంచి గురి తప్పకుండా కొట్టేవాణ్ణి తెచ్చాడు. ఒళ్ళంతా పతకాలు.

"పతకాలు సరే. బూట్లు ఏ సైజు?" అన్నారు మామగారు.

అతను ఆలోచించలేదు. "పది" అన్నాడు.

"పది సైజు పాదాలేసుకుని వాడెక్కడ దాక్కుంటాడయ్యా! మంచులో ఆ అడుగులు చూసి కుక్క కూడా పట్టుకుంటుంది."

గురికాడు సిక్ లైనుకి పోయాడు. చిన్నల్లుడు "పోనీలే అన్నయ్యా, జలుబు చేసుంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దల్లుడి భార్య కూడా నవ్వింది. ఆమె నవ్వడం ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికొచ్చాక అన్నాడు, "నీకంత నవ్వెందుకొచ్చింది?"

"జలుబనేసరికి వచ్చిందండీ. దానికి కూడా లెక్క చెప్పాలా?" అంది ఆమె. పక్క దులుపుతూ, "మీరు మా చెల్లెలి మొగుణ్ణి చూసినట్టు నన్నెప్పుడైనా చూశారా?" అంది.

ఆ మాట నిజమే. పెద్దల్లుడు అతన్ని చూస్తూనే ఉండేవాడు. అద్దం మీద గీత కోసం వెతికినట్టు వెతికేవాడు. చిన్నల్లుడు చెమట రుమాలు జేబులో పెట్టుకోడు, కాలరు కింద దోపుకుంటాడు. లారీ దిగగానే టైరుని ఓ తన్ను తన్నుతాడు, గాలి ఉందని తెలిసినా సరే. ఇంకా బయల్దేరకుండానే ఫోనులో "వచ్చేశా, వచ్చేశా" అంటాడు. సందు చివర బండి తిప్పాల్సి వస్తే ఎవరో ఒకరిని వెనకాల నిలబెట్టుకుంటాడు గానీ తనంతట తను వెనక్కి తీయడు. ఎవరూ దొరక్కపోతే చుట్టూ తిరిగొస్తాడు. ఒకసారి మామగారింటి ముందు వెడల్పాటి చోటుండి కూడా అత్తగారిని పిలిచాడు. ఆవిడ చేతిలో గరిటెతో వచ్చి నిలబడి "రా బాబూ, రా, రా" అంటూ రోడ్డు మీద పోలీసులా చెయ్యూపింది. పెద్దల్లుడు కిటికీలోంచి అదంతా చూసి, పట్టుకున్నాననుకున్నాడు. ఏం పట్టుకున్నాడో అతనికే తెలీదు.

ఇంతలో మామగారి చూపు మందగించింది. పెద్దల్లుడే షాపులో కూర్చోబెట్టి అద్దాల మీద అద్దాలు మార్చి చూశాడు. ఏ అద్దమూ పనిచెయ్యలేదు. కళ్ళకి పొర వచ్చింది. ఆపరేషను చేయించుకోవాలి.

"చేయించుకుంటాలే. కానీ మునుపటిలా ఈ చిన్న చిన్న చేతులకి తుపాకీలు తగిలించడం ఇక నా వల్ల కాదు. నిన్న ఒకడి తలకాయ ఊడితే ఇంకొకడికి పెట్టాను. బీరువా తాళంచెవి మీ ఇద్దరిలో ఒకరికిచ్చేస్తా. వచ్చే ఆదివారం చెరో బొమ్మ తెండి. చూద్దాం" అన్నారు మామగారు.

"అన్నయ్యకే ఇచ్చెయ్యండి మామయ్యా, నాకెందుకు" అన్నాడు చిన్నల్లుడు.

అలా అనడం కూడా పెద్దల్లుడికి నచ్చలేదు. అతను వదిలేస్తే తను ఏరుకోవాలా?

ఆ వారం షాపులో అద్దాలు అరగదీస్తూ ఆలోచించాడు. పతకాలవాడు వద్దు, కొండలెక్కేవాడు వద్దు. అప్పుడు కణిక కాస్త గాలి తగిలినట్టు రాజుకుంది. నలుగురి ముందూ చిన్నల్లుణ్ణే నిలబెడతాననుకున్నాడు. పేరు చెప్పక్కర్లేదు. అందరికీ తెలిసిపోతుంది. బొమ్మల అంగడిలో వెతికి టోపీ లేని, నవ్వుమొహం సిపాయినొకణ్ణి కొన్నాడు. కళ్ళజోడు తుడిచే గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి వాడి కాలరు కింద దోపాడు.

ఆదివారం అందరూ చేరారు. అక్కచెల్లెళ్ళిద్దరూ గుమ్మానికి చెరో పక్కన నిలబడ్డారు. అత్తగారు టీ ఇచ్చింది. పెద్దల్లుడు కప్పు కిటికీ గట్టు మీద పెట్టి బొమ్మను బల్ల మీద నిలబెట్టాడు. ఎప్పుడూ లేనిది, గొంతు గట్టిగా వచ్చింది.

"వీడు మందుగుండు లారీ డ్రైవరు. బయల్దేరకముందే వైర్లెస్సులో వచ్చేశానంటాడు. అవతల వాళ్ళు గేటు తీసుకుని కాచుక్కూర్చుంటారు."

మరదలు కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దిగగానే టైరుని తంతాడు. బాంబుల లారీ అనైనా చూడడు. చుట్టుపక్కల వాళ్ళంతా పడుకుని చెవులు మూసుకుంటారు."

చిన్నల్లుడు పగలబడి నవ్వాడు. చెయ్యి తనంతట తనే కాలరు దగ్గరికి పోయింది. అక్కడ రుమాలు తగిలేసరికి ఇంకా నవ్వాడు. "అన్నయ్యా, దొంగని పట్టేశావు!"

మామగారు కళ్ళు తుడుచుకుంటూ అడిగారు. "వీడు లేకపోతే ఎవడి పని ఆగుతుంది?"

"అందరిదీ" అన్నాడు పెద్దల్లుడు. అనాలని అనుకోలేదు. వచ్చేసింది. "వీడు చేరితేనే అక్కడ తుపాకీలు పేల్తాయి. వీడు రాని రోజు శిబిరంలో ఎవరికీ మాట తోచదు."

"ఊఁ. వీడికి ఏది చేతకాదు?"

దీనికోసమే వారమంతా కాచుకున్నాడు. "రివర్సు. పేరుకే డ్రైవరు, లారీ వెనక్కి తీయలేడు. వెనకాల మనిషి నిలబడి రా రా అంటే తప్ప."

అందరూ నవ్వుతున్నారు. అత్తగారు కూడా. అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ మామగారు "ఎందుకని?" అన్నారు. నమ్మేలా చెప్పాలి. పెద్దల్లుడు కిటికీలోంచి చూసిన ఆ మొహాన్ని గుర్తు తెచ్చుకున్నాడు. అత్తగారు చెయ్యూపుతున్నంతసేపూ లారీ పక్క అద్దంలోకి చూస్తున్న మొహం. అందులో నవ్వు లేదు.

"ఒకసారి వెనక్కి తీస్తుంటే ఎవరూ లేరనుకున్నాడు. సొంత అన్న ఉన్నాడు. లారీ బెత్తెడు దూరంలో ఆగింది. దెబ్బేం తగల్లేదు. కానీ అప్పట్నుంచీ వీడు అద్దాన్ని నమ్మడు."

నవ్వులు కాసేపు సాగి ఆగిపోయాయి. చిన్నల్లుడు ఆపేశాడు కాబట్టి.

"అన్న కాదు" అన్నాడు అతను. "మా నాన్న."

మరదలు మొగుడి వంక తిరిగింది. ఆమెకి కూడా తెలీదని ఆ మొహం చెప్పింది.

"నీకెవరు చెప్పారన్నయ్యా?"

"ఎవరూ చెప్పలేదు తమ్ముడూ. కల్పించాను" అన్నాడు పెద్దల్లుడు. గొంతు మళ్ళీ పాతదైపోయింది.

మామగారు బొమ్మను చేతిలోకి తీసుకుని కళ్ళ దగ్గరగా పెట్టుకున్నారు. కాలరు కింద గుడ్డముక్కను వేలితో తడిమారు. వాణ్ణి పక్కన పెట్టి, "చిన్నల్లుడూ, నీదేదయ్యా?" అన్నారు.

చిన్నల్లుడు జేబులోంచి తన బొమ్మను తీశాడు. బోర్లా పడుకుని కళ్ళకి దుర్భిణీ ఆనించుకున్నవాడు. తీశాక కాస్త వెనకాడాడు. "తెచ్చాను కాబట్టి చెప్తున్నా. ఏమీ అనుకోకన్నయ్యా" అన్నాడు.

"చెప్పు" అన్నాడు పెద్దల్లుడు.

"వీడు కాపలా పోస్టులో ఉంటాడు. ఎదుటి కొండ మీదవాణ్ణి చూడ్డమే డ్యూటీ. వాడు ఎప్పుడు లేస్తాడు, ఏ కాలు ముందేస్తాడు, ఎక్కడ గోక్కుంటాడు, అంతా చెప్తాడు. ఎదుటివాడికి తన గురించి తెలియనిది కూడా వీడికి తెలుసు. వీడు లేకపోతే శిబిరానికి కళ్ళు లేవు."

"ఏది చేతకాదు?"

"తల వెనక్కి తిప్పడం మామయ్యా. వెనకాల సొంత శిబిరముంది. వీడికోసం టీ పెట్టి పిలుస్తారు. వినడు. వీడి టీ ఎప్పుడూ చల్లారిపోతుంది."

గుమ్మం పక్కనుంచి ఓ చప్పుడొచ్చింది. పెద్దల్లుడి భార్య చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అందరి చూపులూ కిటికీ గట్టు మీదికి పోయాయి. అక్కడ పెద్దల్లుడి కప్పుంది. నిండుగా, మీగడ కట్టి, ఆ మీగడ మధ్యలో ఓ చీమతో.

ఈసారి నవ్వు గది పైకప్పు లేపింది. పెద్దల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. నవ్వని ఒక్కడూ చిన్నల్లుడే. తప్పు చేసినవాడిలా బల్ల అంచును గీకుతున్నాడు. తను చూస్తున్నంతకాలమూ అతను కూడా తనని చూస్తూనే ఉన్నాడని పెద్దల్లుడికి అప్పుడు తెలిసింది. చూసి నొచ్చుకోలేదు, బొమ్మ చేసి జేబులో పెట్టుకున్నాడు. పైగా బాగా చేశాడు. దానికీ కడుపు మండింది.

మామగారు లేచి రెండు బొమ్మల్నీ తీసుకెళ్ళి తడుముకుంటూ నడిమి అరలో పెట్టారు. ఒకడి ఎదురుగా ఒకడు. తర్వాత బనీను జేబులోంచి తాళంచెవి తీసి పెద్దల్లుడి చేతిలో పెట్టారు.

"నీ దగ్గరుండనీ. చూసే కన్ను నీది. వాడి దగ్గరుంటే ఏ ఫ్రిజ్జుతోనో కలిపి ఎవరింట్లోనో దించేసి వస్తాడు."

పెద్దల్లుడు పిడికిలి బిగించాడు. తాళంచెవి ఇంకా వెచ్చగా ఉంది.

"ఇకమీదట ప్రశ్నలు మాత్రం చిన్నల్లుడు వేస్తాడు. ఎదుటివాడు నొచ్చుకోకుండా అడగడం వాడికొచ్చు" అన్నారు మామగారు, అప్పుడే గుర్తొచ్చినట్టు.

అంటే బొమ్మ తెచ్చినప్పుడల్లా ఆ బల్ల దగ్గర చేతులు కట్టుకుని అతనికి జవాబు చెప్పుకోవాలి. కోరుకున్నది చేతిలో ఉంది. కణిక ఉన్న చోటే ఉంది. భార్య వేడి టీ ఇంకో కప్పు తెచ్చి చేతికే ఇచ్చింది. తాగేదాకా కదల్లేదు.

తర్వాతి ఆదివారం పెద్దల్లుడు అందరికంటే ముందొచ్చాడు. మామగారు లోపల పడుకున్నారు. తాళం తీసి మెత్తటి గుడ్డతో ఒక్కొక్కణ్ణీ తుడిచాడు. నడిమి అర దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. దుర్భిణీవాడు కళ్ళార్పకుండా డ్రైవరు వంకే చూస్తున్నాడు. చూడ్డానికి ఏమీ బాలేదు. అందరికీ తెలిసిపోతున్నట్టుంది. వాణ్ణి ఎత్తి మొహం గోడ వైపుకి తిప్పి పెట్టాడు. తాళం వేశాడు.

కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాక లోపల ఏదో సరిపడలేదు. గోడ వైపు చూసే కాపలావాడు ఎక్కడైనా ఉంటాడా? వాడి డ్యూటీ ఏంటి? వాడు లేకపోతే ఎవడి పని ఆగుతుంది? ఆ ప్రశ్నలు చిన్నల్లుడి గొంతుతో వినిపించాయి. నవ్వుతూ, మెత్తగా. ఇలాంటివాణ్ణి తనైనా సరే సిక్ లైనులో పడుకోబెడతాడు.

లేచి తాళం తీశాడు. వాణ్ణి మళ్ళీ డ్రైవరు వైపు తిప్పాడు. మోచేతులు సర్ది, దుర్భిణీ సూటిగా ఆనించాడు.

బయట లారీ చప్పుడైంది. సందు చివర ఆగింది. హారను రెండుసార్లు మోగింది. అత్తగారు వంటింట్లోంచి "వస్తున్నా బాబూ" అని కేకేసింది.

"మీరుండండి అత్తయ్యా" అన్నాడు పెద్దల్లుడు. తాళంచెవి జేబులో వేసుకుని వీధిలోకి దిగి, లారీ వెనకాల, అద్దంలో కనిపించే చోట నిలబడ్డాడు. అద్దంలోంచి ఓ కాలరు, ఓ రుమాలు, దాని పైన ఓ నవ్వు కనిపించాయి. ఆ నవ్వు చూసి అతనికి మళ్ళీ చిరాకేసింది.

"రా" అన్నాడు, చెయ్యూపుతూ. "రా. రా. ఇంకా రావచ్చు."