సగం సీసా

ఆవులకు లంపీ స్కిన్ జబ్బు కొత్తగా వచ్చిన ఏడాది, దానికంటూ వేరే టీకా లేక మేకల మశూచి టీకానే ఆవులకూ వేశారు. దుర్గి దగ్గరి ఊళ్లో పశువైద్య సహాయకురాలు వందన ఇల్లిల్లూ తిరిగి వేసింది. చివరి ఇంట్లో సగం సీసా మిగిలింది. కలిపిన మందు ఆ పూటే వాడాలి. ఎండలో మేకల పేరయ్య దొడ్డిదాకా నడవడానికి బద్ధకించి పారబోసింది.

నెల తిరక్కుండా పేరయ్య మందకు మశూచి సోకింది. వందన వెళ్లేసరికి ఆయన చచ్చిన మేకపిల్లలకు గొయ్యి తవ్వుతున్నాడు.

"మా మేకల టీకానే ఆవులకు పనిచేసిందంటగా అమ్మాయ్?"

"చేసింది బాబాయ్."

"పోనీలే, అవన్నా బతికినయ్. మందు మిగలకపోతే నువ్వు మాత్రం ఏం జేస్తావు."

వందన గొయ్యి అంచుకు వచ్చి నిలబడింది.

"మిగిలింది బాబాయ్," అంది. "నేనే పారబోశాను."

మట్టిలో దిగిన పార మళ్లీ పైకి లేవలేదు.