భూరీ

లక్సెట్టిపేట చాంద్‌బీకి ఇద్దరు పిల్లలు. ఇద్దరూ మొక్కజొన్న పీచు రంగు జుట్టుతోనే పుట్టారు. కొడుకు ఇర్షాద్‌ను గల్లీ అంతా ముద్దుగా 'భూరా' అంది. వాడు తన దుకాణానికి 'భూరా మొబైల్స్' అని బోర్డు కూడా రాయించుకుని, దాని కిందే జుట్టు దువ్వుకుంటూ నిలబడతాడు మహానుభావుడు! కూతురు యుమ్నా దగ్గరికొచ్చేసరికి ఆ మాట 'భూరీ' అయింది. చివరి అక్షరమే కదా మారింది అనుకోకండి. భూరా అంటే దొరబాబు జుట్టువాడు. భూరీ అంటే ఏదో లోపమున్న పిల్ల. ఆ మాట చెవిన పడగానే రెండు సంబంధాలు వచ్చిన దారినే పోయాయి.

మూడోది సుల్తానాబాద్ సంబంధం. పిల్లాడు ముకర్రం, ఎరువుల దుకాణం. వాళ్లమ్మ చూడ్డానికి వస్తోందనగానే చాంద్‌బీ కూతుర్ని పీట మీద కూలేసి, గిన్నెలో నల్లరంగు కలిపింది. ఇర్షాద్‌ను ఆ పూట ఇంటి ఛాయలకు రావద్దంది.

"అమ్మీ, మంట పుడుతుంది. భాయ్‌కి ఎన్నడన్న పెట్టినవా?"

"వాడు మొగోడు. జర ఓర్సుకో బిడ్డా, లగ్గమైనంక నీ ఇష్టం."

అయ్యాక ఇంకెక్కడి ఇష్టం! నల్లజుట్టు పిల్లగా ఆ ఇంట్లో కాలు పెడితే, కుదుళ్లు బయటపడే ప్రతిసారీ తలుపేసుకుని ఈ గిన్నె కలుపుకోవాల్సిందే, చచ్చేదాకా.

ముకర్రం తల్లి వచ్చింది. చాయ్ తాగి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, దుపట్టా జరిపి జడ విప్పింది. "మాషా అల్లా, ఎంత నల్లగున్నయి!"

"మా ఖాందాన్ల అందరివి గిట్లనే," అంది చాంద్‌బీ సిగ్గు లేకుండా. ఆ ఊపులోనే మిఠాయి తేవడానికి లోపలికి పోయింది.

చెబితే సంబంధం పోతుంది, అమ్మ పరువూ పోతుంది. చెప్పకపోతే బతుకంతా ఆ గిన్నె ముందే. పోతే పోనీ అనుకుంది యుమ్నా.

"ఖాలా, గిది రంగు. నేను భూరీని."

అనేసరికి ఒళ్లంతా తేలికైంది. ఇక తిట్టినా సరే, లేచిపోయినా సరే.

ఆవిడ తిట్టలేదు, లేవలేదు. యుమ్నా చెవి వెనకున్న నల్లమరకను కొంగుతో మెల్లగా తుడిచింది. "తెల్సు బేటీ. కూసున్నప్పుడే చూసిన. ఫికర్ జెయ్యకు, నువ్వు నాకు నచ్చినవ్."

యుమ్నాకు సంతోషంతో ఏడుపు ముంచుకొచ్చింది.

"రంగు మంచిగనే పట్టింది. ఇట్లనే పెట్టుకుంట ఉండు," అంది ఆవిడ గొంతు తగ్గించి. "మావానికి తెల్వనియ్యకు, చుట్టాలకు అసలే తెల్వనియ్యకు. నీ చెయ్యి అందని కాడ నేను పెడ్త."

"వద్దు ఖాలా..." అనబోయింది యుమ్నా.

అప్పటికే చాంద్‌బీ పళ్లెంతో వచ్చింది. ముకర్రం తల్లి నవ్వుతూ ఒక లడ్డూ తీసి పిల్ల నోట్లో కుక్కింది.