నర్సుబాయి పసరు

ఆ వానాకాలం దాజీ పేట్‌లో ఇంటికొకరు కామెర్లతో పడ్డారు. నర్సుబాయి నేల ఉసిరి నూరి, నీళ్ళలో కలిపి, అందరికీ పరగడుపున తాగించేది. జబ్బు లేనివాళ్ళకు కూడా, రాకుండా ఉండాలని పోసేది. అయినా కళ్ళు పచ్చబడేవాళ్ళు పెరుగుతూనే ఉన్నారు.

"పత్తెం జెయ్యరు, నా మందును బద్నాం జేస్తరు!" అని ఆమె తిట్టేది.

ఆ పొద్దున పక్క గల్లీ మంగళ పచ్చటి కళ్ళతో వచ్చింది. పోయిన నెల, రోగం రాకముందే పసరు తాగిన మనిషి. నర్సుబాయి విసుక్కుంటూనే ఆకు నూరి, గిన్నె నల్లా కింద పెట్టింది.

ఎర్రటి నీళ్ళు పడ్డాయి.

"అయ్యో, నెత్తురు!" అంది మంగళ.

ఎదురింట్లో నూలుకు రంగు వేసే అంబాదాస్ వచ్చి చూసి నోరు వెళ్ళబెట్టాడు. "గిది నా రంగే అక్కా! ఇప్పుడే మోరీల పారబోసిన."

"మోరీల పోసింది నల్లాలకెట్లొస్తదిరా?" అని అరుస్తుండగానే నర్సుబాయికి జవాబు తెలిసిపోయింది. నల్లా పైపు ఆ మురుగు కాలవలో మునిగే వస్తుంది. ఎక్కడో పగిలింది.

మంగళ గిన్నె వైపే చూస్తోంది.

"మా ఇంట్ల చేదబాయి నీళ్ళే తాగుతం పెద్దమ్మా," అంది. "గీ నల్లా నీళ్ళు నేను నీ పసరుల తప్ప ఎన్నడు తాగలె."